సంస్థ మరచినా చిట్టా మరవదు: డొమైన్ రికార్డులు చెప్పే భద్రతా పాఠం

ఒక బ్యాంకు తన కంప్యూటర్ వ్యవస్థ ఎంత భద్రంగా ఉందో పరీక్షించమని నిపుణుల బృందాన్ని పిలిచి, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చిందనుకుందాం. మొదటి రోజు ఆ బృందం ఏం చేస్తుంది? పాస్‌వర్డులు ఛేదించే పనిలో పడుతుందని మనం ఊహిస్తాం. నిజానికి ఆ రోజంతా వాళ్లు బ్యాంకు కంప్యూటర్ల జోలికే వెళ్లకపోవచ్చు. ఎవరైనా చూడగలిగే ఒక బహిరంగ చిట్టాను చదువుతూ కూర్చుంటారు. అదే డొమైన్ పేర్ల చిట్టా.

పేరు వెనుక అంకెలు

ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెల చిరునామాలతో గుర్తిస్తాయి. మనకు గుర్తుండేవి పేర్లు. తొలి రోజుల్లో ఏ పేరుకు ఏ అంకెలో చెప్పే జాబితా అంతా ఒకే ఫైలులో ఉండేది. అమెరికాలోని ఎస్ఆర్ఐ అనే పరిశోధన సంస్థ దాన్ని నిర్వహించేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి భారమైంది. 1983లో పాల్ మాకపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్, అంటే డీఎన్ఎస్‌ను రూపొందించారు. అప్పటి నుంచి ఎవరి పేర్ల జాబితాను వారే చూసుకుంటారు. అడిగినవారికి వారి సర్వరే జవాబు చెబుతుంది.

ఆ జవాబుల్లో చాలా రకాలున్నాయి. 'ఎ' రికార్డు వెబ్‌సైటు ఏ అంకెల చిరునామాలో ఉందో చెబుతుంది. 'ఎమ్ఎక్స్' రికార్డు ఈమెయిళ్లు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెబుతుంది. 'ఎన్ఎస్' రికార్డు ఈ జాబితా ఎవరి దగ్గర ఉందో తెలుపుతుంది. 'టీఎక్స్‌టీ' రికార్డులో ఆ సంస్థ పేరుతో ఈమెయిల్ పంపే హక్కు ఎవరికి ఉందో రాసి ఉంటుంది. సంస్థ ఏయే బయటి కంపెనీల సేవలు వాడుతోందో కూడా చాలాసార్లు దాన్నిబట్టే తెలిసిపోతుంది. విడివిడిగా చూస్తే ఇవన్నీ మామూలు వివరాలే. ఒకచోట చేరిస్తే సంస్థ నిర్మాణమంతా కళ్లకు కడుతుంది.

చిట్టా మొత్తం ఒక్కసారే

ఒక డొమైన్ జాబితాను సాధారణంగా రెండు మూడు సర్వర్లలో ఉంచుతారు. అవి ఒకదాని నుంచి మరొకటి మొత్తం జాబితాను తెచ్చుకోవడాన్ని 'జోన్ ట్రాన్స్‌ఫర్' అంటారు. ఇది సొంత సర్వర్ల మధ్యే జరగాలి. అమరికలో పొరపాటు ఉంటే అడిగిన ప్రతివారికీ జాబితా అందుతుంది. 2016 సెప్టెంబరులో ఉత్తర కొరియా విషయంలో జరిగింది ఇదే. ఆ దేశపు '.కేపీ' పేర్లను చూసే ఒక సర్వర్ జాబితా మొత్తాన్ని బయటి వ్యక్తికి ఇచ్చేసింది. అందులో ఉన్నవి 28 డొమైన్ పేర్లేనని లోకానికి తెలిసింది.

పేర్లు దొరికే మరో చోటు సర్టిఫికెట్ల బహిరంగ నమోదు. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ సంస్థలోకి చొరబడినవారు గూగుల్ సహా పలు సంస్థల పేర్లతో నకిలీ సర్టిఫికెట్లు సృష్టించారు. అలాంటి మోసం వెంటనే బయటపడాలని, జారీ అయ్యే సర్టిఫికెట్లను అందరికీ కనిపించే పుస్తకంలో నమోదు చేసే పద్ధతి వచ్చింది. మేలు చేసే ఈ ఏర్పాటుకు మరో పార్శ్వం ఉంది. సంస్థ లోపల ప్రయోగం కోసం పెట్టుకున్న 'టెస్ట్', 'ఓల్డ్' వంటి పేర్లకు సర్టిఫికెట్ తీసుకుంటే అవీ ఆ పుస్తకంలోకి ఎక్కుతాయి.

ఖాళీ చేసిన దుకాణం, దించని బోర్డు

పరీక్షకులు ముఖ్యంగా వెతికేది ఇలా మరచిపోయిన పేర్ల కోసమే. ఒక పండుగ ఆఫర్ కోసం బ్యాంకు బయటి క్లౌడ్ కంపెనీ దగ్గర చిన్న వెబ్‌సైటు పెట్టి, 'సీనేమ్' రికార్డుతో తన పేరును అటు మళ్లించిందనుకుందాం. ఆఫర్ ముగిశాక అక్కడి చోటు వదులుకుంది, రికార్డు తీసేయడం మరిచింది. అద్దె దుకాణం ఖాళీ చేసి బోర్డు దించకపోవడం లాంటిదిది. కొన్ని క్లౌడ్ సేవల్లో అదే చోటును ఇంకొకరు తీసుకోగలరు. అప్పుడు బ్యాంకు పేరు కింద వాళ్ల దుకాణం నడుస్తుంది. ఖాతాదారు చిరునామాను ఎంత జాగ్రత్తగా చూసినా అది అసలు బ్యాంకు పేరే.

అనుమతి ఎక్కడిదాకా?

బహిరంగ చిట్టాను చదవడం వేరు, అందులో కనిపించిన తలుపును తోసి చూడడం వేరు. మన సమాచార సాంకేతిక చట్టం-2000లోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడాన్ని తప్పుగా పరిగణిస్తుంది. మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే ఏ పేర్లు, ఏ తేదీలు, ఏ పద్ధతులు అన్నది అనుమతి పత్రంలో ముందే రాసుకుంటారు. వెతుకులాటలో కొత్త పేరు బయటపడి అది వేరే కంపెనీ సర్వర్‌కు దారితీస్తే పరీక్షకుడు అక్కడే ఆగాలి. ఆ సర్వర్‌ను పరీక్షించే అనుమతి బ్యాంకు ఒక్కటే ఇవ్వగలిగేది కాదు.

ఈ జాగ్రత్త మనకిప్పుడు మరీ అవసరం. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా '.బ్యాంక్.ఇన్' పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్ల నమోదు బాధ్యతను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. నకిలీ సైట్లను గుర్తుపట్టడానికి ఇది మంచి అడుగు. అయితే కొత్త పేరు వచ్చినంత మాత్రాన పాతదాని పని తీరిపోదు. గడువు తీరిన పేరును వదిలేస్తే మరొకరు కొనుక్కోవచ్చు. పాత చిరునామాకు వచ్చే ఈమెయిళ్లు వాళ్ల చేతికి చేరతాయి.

బ్యాంకుకే కాదు, ఊళ్లోని కళాశాలకూ చిన్న ఆసుపత్రికీ ఇదే వర్తిస్తుంది. ఏడాదికి ఒకసారైనా తమ డొమైన్ రికార్డులను ముందేసుకుని, ప్రతి పేరు పక్కన 'ఇది ఎవరిది, ఇంకా కావాలా' అని రాసుకోవాలి. జవాబు దొరకని పేరు దగ్గరే పరిశీలన మొదలుపెట్టాలి.