ప్రాగ్ వీథుల్లో కాలినడకన

చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌కు ప్రయాణం కట్టే పాఠకులకు నా సలహా ఒక్కటే: మెత్తని జోళ్ళు తీసుకువెళ్ళండి. పాత పట్నపు వీథులన్నీ పిడికెడేసి రాళ్ళు పరచినవి. మొదటిరోజు సాయంకాలానికే నా కాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా బండి ఎక్కబుద్ధి కాలేదు. పది అడుగులకొక శతాబ్దం మారిపోతూంటే ఎవరికి ఎక్కాలనిపిస్తుంది?

పౌడర్ టవర్ దగ్గర నడక మొదలుపెట్టాను. పూర్వం తుపాకిమందు దాచిన బురుజు అది. 1475లో పునాది వేశారు. మసిబారిన ఆ గోథిక్ కట్టడాన్ని చూసి, అయిదువందల ఏళ్ళనాటిది గదా అని మురిసిపోయాను. తీరా విచారిస్తే, పైనున్న కోసు కప్పు పందొమ్మిదో శతాబ్దిలో పెట్టిందట! దాన్ని రాసుకుంటూ 1912లో పూర్తయిన మునిసిపల్ భవనం, లతలతో, రంగుటద్దాలతో, పెళ్ళివారి యిల్లులా వుంది.

అక్కడినుంచి త్సెలెట్నా వీథిలోకి తిరిగితే మూలమీద మరో వింత. యోసెఫ్ గోచార్ అనే వాస్తుశిల్పి అదే 1912 నాటికి కట్టిన క్యూబిస్టు మేడ. సానపట్టిన రవ్వలాగా అన్నీ కోణాలే. అంత కొత్తదనం కోరినవాళ్ళు కూడా, ఆ స్థలంలో అంతకుముందున్న యింటి నల్లని మేరీమాత విగ్రహాన్ని పారవెయ్యలేదు. మేడకు పేరు కూడా ఆమెదే.

పాత పట్నపు కూడలిలో జనమంతా 1410 నాటి గడియారం వంక మెడలెత్తి నిలబడి వున్నారు. దాని సంగతి ప్రతి పుస్తకంలోనూ వుంది. నన్ను ఆపింది ఎదుటి ప్రక్కనున్న రాతిగంట యిల్లు. పదునాలుగో శతాబ్దపు గోథిక్ భవనం. తరువాతివాళ్ళు దానికి తమ కాలపు ముఖం తొడిగారు. లోపలేముందో జనం మరచిపోయారు. చివరికి ఆ తొడుగు ఒలిచి, 1988 నాటికి పాత రూపం తెచ్చారు. తొడుగూ ఒక కాలానిదే గదా, దాన్ని తీసెయ్యడం న్యాయమేనా అని నాలో నేను తర్కించుకుంటూ యూదుల పేటవైపు నడిచాను.

ఆ పేటలో పాత యిళ్ళను 1890ల నుంచి వరసగా పడగొట్టి, వెడల్పాటి వీథీ, అంతస్తుల మేడలూ కట్టారు. శ్మశానమూ, కొద్ది ప్రార్థనామందిరాలూ మిగిలాయి. వాటిలో పింకాస్ మందిరం 1535 నాటిది. లోపల గోడలనిండా పేర్లు. నాజీల చేతిలో హతులైన బొహీమియా, మొరావియా యూదులు సుమారు 80,000 మంది. ఊరు, యింటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ప్రాణాలతో వున్నట్లు తెలిసిన ఆఖరు తేదీ.

1950లలో చేత్తో వ్రాసిన పేర్లవి. గోడలు చెమ్మగిలాయని 1968లో మందిరం మూశారు. మరమ్మతులు ఏళ్ళ తరబడి నానాయి, రాతలు పోయాయి. 1989లో ప్రభుత్వం మారిన తర్వాత, 1992 నుంచి 1996 దాకా కూర్చుని అన్ని పేర్లూ మళ్ళీ వ్రాశారు.

ఇరవై ఏళ్ళుగా తరగతిలో హాజరు పిలవడం నా వృత్తి. అలవాటుకొద్దీ ఒక గోడ ముందు నిలబడి, మనసులోనే ఒక్కొక్క పేరూ పిలవసాగాను. రెండు ఊళ్ళైనా పూర్తికాలేదు, వేళయిందని కాపలా ఆవిడ తలుపు దగ్గరినుంచి సైగ చేసింది.