కెమెరా ఎంచిన తెలుపు

శీతకాలంలో సూళ్లూరుపేట పరిసరాలు పక్షులతో కళకళలాడతాయి. నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రంలో గూడబాతులు, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు విడిది చేస్తాయి. 2001లో ఇక్కడ ప్రారంభమైన ఫ్లెమింగో పండుగ వీటికి విశేష ప్రాచుర్యం కల్పించింది. సందర్శకుల చేతుల్లో నేడు కెమెరాలు, సెల్‌ఫోన్లు సర్వసాధారణం. అయితే పక్కపక్కన నిలిచిన ఇద్దరు ఒకే గుంపును చిత్రించినా, ఒకరి చిత్రంలో పక్షులు గులాబి వన్నెతోను, మరొకరి చిత్రంలో పాలవలె తెల్లగాను కనిపించవచ్చు. ఈ భేదానికి ముఖ్యకారణాలలో ఒకటి ‘ఆటో వైట్ బ్యాలెన్స్’, అనగా తెలుపు ఏదో కెమెరాయే నిర్ణయించుకొనే విధానం.

వెలుతురు అన్నివేళలా ఒకే రంగులో ఉండదు. దాని వన్నెను కెల్విన్‌లలో కొలుస్తారు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1,900, ఫిలమెంటు బల్బు వెలుగు 2,800, మధ్యాహ్నపు ఎండ 5,500 కెల్విన్‌లు ఉంటాయి. నిర్మలాకాశం కింది నీడలో ఈ విలువ 7,000 దాటుతుంది. సంఖ్య తగ్గేకొద్దీ వెలుగు ఎర్రబారుతుంది, పెరిగేకొద్దీ నీలివన్నె పొందుతుంది. మల్లెపూవును దీపపు వెలుగులో చూసినా మనకు తెల్లగానే తోస్తుంది. మన కన్ను, మెదడు వెలుతురుకు తగినట్లు సర్దుకోవడమే ఇందుకు కారణం. కెమెరాకు ఆ సహజశక్తి లేదు. కనుక అది లెక్కలను ఆశ్రయిస్తుంది.

ఆ లెక్కలలో ప్రసిద్ధమైన దానికి మూలం ఒక ఊహ. ఏ దృశ్యంలోనైనా రంగులన్నింటినీ కలిపి సగటు తీస్తే బూడిదరంగు వస్తుందన్నదే ఆ ఊహ. సగటు ఎరుపువైపు మొగ్గితే వెలుతురే ఎర్రగా ఉన్నదని కెమెరా భావించి ఎరుపును తగ్గిస్తుంది. నీలంవైపు మొగ్గితే నీలాన్ని తగ్గిస్తుంది. పలురంగులు కలగలిసిన పగటి దృశ్యాలలో ఈ పద్ధతి చాలావరకు చక్కగా పనిచేస్తుంది. నేటి కెమెరాలు మరెన్నో సూక్ష్మ పద్ధతులను జోడించుకున్నా, అవి చేసేది అంచనాయే.

ఒకే రంగు దృశ్యమంతా ఆవరించినప్పుడు ఆ అంచనా తప్పుతుంది. గులాబి పక్షులే చిత్రమంతా నిండితే కెమెరా ఎరుపును తగ్గించి వాటిని వెలవెలబోయేలా చేయవచ్చు. నీలాకాశం, నీరు అధికంగా ఉంటే నీలాన్ని తగ్గించి పక్షులను మరింత ఎర్రగా చూపవచ్చు. ఉదయసంధ్య అరుణిమను సైతం లోపంగా ఎంచి తొలగించవచ్చు.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. ఫ్లెమింగో పిల్లలు బూడిద వన్నెలో ఉంటాయి. ఆహారంలోని కెరోటినాయిడ్ల వలన పెద్దపక్షులకు గులాబి ఛాయ వస్తుంది. అంటే ఈకల రంగు పక్షి వయస్సును, ఆహారాన్ని తెలిపే సాక్ష్యం. రంగు తప్పితే సాక్ష్యమూ తప్పుతుంది.

ఈ చిక్కు శాస్త్రజ్ఞులకూ ఎదురైంది. 1976 జూలైలో వైకింగ్-1 అంగారకుని నుండి పంపిన తొలి రంగుల చిత్రం నీలాకాశంతో వెలువడింది. రంగుల కొలతలను సరిచూసిన పిమ్మట అది గులాబి ఛాయ గల ఆకాశమని తేలింది. స్పిరిట్, ఆపర్చ్యూనిటీ, క్యూరియాసిటీ రోవర్లు కూడా ముందే రంగులు తెలిసిన పలకలను వెంట తీసుకొనిపోయాయి. తెలిసిన రంగుతో పోల్చినప్పుడే తెలియని రంగు నిర్ధారణ అవుతుంది.

సామాన్య ఛాయాగ్రాహకుడూ ఈ సూత్రాన్ని పాటించవచ్చు. పక్షులపై పడే వెలుతురులోనే ఒక బూడిదరంగు కార్డును ముందుగా చిత్రించి, దాని ఆధారంగా కెమెరాను సరిచేసుకోవచ్చు. ఎండ, నీడ వంటి నియమిత అమరికలలో ఒకదానిని ఎంచుకుంటే చిత్రం చిత్రానికీ అమరిక మారదు. ‘రా’ రూపంలో భద్రపరిస్తే వైట్ బ్యాలెన్స్‌ను తరువాత కంప్యూటరులో నాణ్యత చెడకుండా మార్చుకోవచ్చు. సాధారణ చిత్రాలకు యంత్రపు అంచనా చాలు. రంగే ప్రమాణమైనచోట మాత్రం ఆ అంచనాను సరిచూసుకొనే బాధ్యత చిత్రించేవారిదే.