విదేశీ ఆచార్యుల పాఠం పల్లెకు అందాలంటే...

సబ్బవరం: భూమి తగాదాతో కోర్టు మెట్లెక్కే రైతుకు తన ప్లీడరు ఎక్కడ చదివాడో పట్టదు. కేసు ఎలా నడుపుతాడన్నదే ముఖ్యం. ఆ నేర్పు అలవడేది లా కళాశాలలోనే. అందుచేత న్యాయ విద్యాలయాలకు విదేశీ ఆచార్యులను రప్పించే విషయం పల్లెవాసులకూ సంబంధించినదే.

ఈ ప్రయత్నం కొత్తది కాదు. దేశంలో లా చదువు నాసిగా ఉందని 1958లో లా కమిషన్ తన 14వ నివేదికలో గట్టిగా విమర్శించింది. 1960లలో ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో అమెరికా ఆచార్యులు బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వంటి చోట్లకు వచ్చి బోధించారు. సెక్షన్లు బట్టీ పట్టించడం వారి పద్ధతి కాదు. తీర్పును ముందుంచి, అలా ఎందుకు చెప్పారో విద్యార్థి చేతనే చెప్పించేవారు. కానీ కిక్కిరిసిన తరగతులలో, పరీక్ష కోసమే సాగే చదువులో ఆ పద్ధతి అంతగా వేళ్లూనలేదు.

1988లో బెంగుళూరులో నేషనల్ లా స్కూలు తరగతులు మొదలయ్యాయి. ఎన్.ఆర్. మాధవ మీనన్ ఆధ్వర్యంలో అయిదేళ్ల కోర్సు నడిచింది. ఇక్కడి అధ్యాపకులే ప్రశ్నించి బోధించే పద్ధతిని చేపట్టడంతో అది నిలిచింది. ఆ బాటలోనే 1998లో హైదరాబాదులో నల్సార్, 2008లో దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం వచ్చాయి. సంజీవయ్య పేరిట వెలసిన విద్యాలయం మన సబ్బవరంలోనే ఉంది.

డాలర్లలో పారితోషికం

విదేశీ ఆచార్యులను రప్పించేందుకు కేంద్ర ప్రభుత్వం 2015లో ‘జ్ఞాన్’ పథకం ప్రారంభించింది. 12 నుంచి 14 గంటల బోధనకు 8 వేల డాలర్ల వరకు, 20 నుంచి 28 గంటలకు 12 వేల డాలర్ల వరకు, ప్రయాణ ఖర్చులతో కలిపి ఇచ్చేలా నిబంధన పెట్టారు. ఇది ప్రజల సొమ్ము. వచ్చి వెళ్లే ఆ వారం, రెండు వారాలలో ఇక్కడ ఏం మిగులుతుందన్నదే ప్రశ్న.

బొర్రా కేసే ఉదాహరణ

అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గిరిజన భూములలో గనుల లీజులపై ‘సమత’ సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదన్నది. అంతకు అయిదేళ్ల ముందు, 1992లో, ఆస్ట్రేలియా హైకోర్టు మాబో కేసులో అక్కడి ఆదివాసుల భూమి హక్కును గుర్తించింది. తెల్లవారు వచ్చేనాటికి ఆ భూమి ఎవరిదీ కాదన్న పాత వాదాన్ని తోసిపుచ్చింది. ఆ దేశపు ఆచార్యుడు ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి బోధిస్తే, మన ఏజెన్సీలో రేపు వాదించబోయే కుర్రవాడికి కొత్త దారులు తోస్తాయి. బొర్రా సంగతి తెలుసుకుని ఆ ఆచార్యుడూ లాభపడతాడు.

అలా జరగాలంటే అతిథి పక్కన స్థానిక అధ్యాపకుడు కూర్చుని, మరుసటి ఏడు అదే పాఠం తానే చెప్పగలగాలి. పాఠాల సారం తెలుగులో రావాలి. వచ్చిన ఆచార్యుణ్ణి ఒక్కరోజయినా న్యాయ సహాయ శిబిరానికి తీసుకువెళ్లాలి. ఫొటోలు, శాలువాలతో సరిపెడితే 1960ల నాటి కథే మళ్లీ జరుగుతుంది.