దీపం ఉండగానే చక్కబెట్టుకున్న దీవి

మారిషస్ చెరకు తోటల మధ్య అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు కనబడతాయి. ఎవరో కోట కట్టబోయి మధ్యలో వదిలేశారా అనిపిస్తుంది. అగ్నిపర్వతాల నుంచి పుట్టిన దీవి కాబట్టి నేల నిండా రాళ్లే. ఒక్కొక్కటీ ఏరి, మోసి, కుప్ప పోస్తే తప్ప చెరకు ముక్క నాటడానికి జాగా దొరికేది కాదు. ఆ చాకిరీ మొదట ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలు చేశారు. 1835లో బానిసత్వం రద్దయ్యాక అది మన దేశం నుంచి వెళ్లిన కాంట్రాక్టు కూలీల పాలయింది. అలా పోర్ట్ లూయీ రేవులో దిగినవాళ్లు దాదాపు నాలుగున్నర లక్షల మంది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. ఉగాది ఇప్పటికీ ఆ దేశంలో ప్రభుత్వ సెలవు.

చుట్టుపక్కల చిన్న దీవులతో కలిపి ఆ దేశ విస్తీర్ణం దాదాపు 2,040 చదరపు కిలోమీటర్లు. జనం పన్నెండు లక్షల పైచిలుకు. బొగ్గు లేదు, చమురు లేదు. బియ్యం, గోధుమలు, పెట్రోలు ఓడ మీద రావాల్సిందే. వాటికి డబ్బు కట్టాలంటే బయటివాళ్లకు ఏదో ఒకటి అమ్మాలి. పోనీ, సరుకు తయారుచేసి ఇంట్లోనే అమ్ముకుందామంటే, ఒక పెద్ద ఫ్యాక్టరీ నడవడానికి దీవి జనమంతా కొన్నా చాలదు. కాబట్టి చిన్న దీవికి సరుకు కన్నా ముందు కావలసింది, పెద్ద సంతలోకి అడుగుపెట్టే హక్కు. ఆ హక్కు ఇచ్చేది ఎప్పుడూ ఇంకెవరో. మారిషస్ కథంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

1960లో కరోల్ తుపాను తోటల్ని, ఇళ్లను నేలమట్టం చేసింది. మరుసటి ఏడాది జేమ్స్ మీడ్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త దీవి పరిస్థితిపై నివేదిక ఇచ్చాడు. జనాభా పెరిగిపోతోందని, చెరకు తప్ప వేరే ఆధారం లేదని, ముందున్నవి గడ్డు రోజులేనని ఆయన అంచనా. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా చక్కెరే. మీడ్ తర్వాత నోబెల్ అందుకున్నంతటి పండితుడు. ఆయన లెక్కలో తప్పు లేదు, కానీ ఆ తర్వాత దీవికి కొన్ని తలుపులు తెరుచుకున్నాయి.

మొదటిది చక్కెర ఒప్పందం. యూరప్ తన బీట్ దుంప రైతులకు మార్కెట్‌ను మించిన ధర కట్టిస్తుండేది. 1975 నాటి లోమే ఒప్పందంతో పాత వలసల చక్కెరను కూడా నిర్ణీత పరిమాణంలో దాదాపు అదే ధరకు కొనడానికి ఒప్పుకుంది. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా మారిషస్‌దే, ఏటా సుమారు 4.87 లక్షల టన్నులు. ప్రపంచ మార్కెట్లో ధర పడిపోయిన ఏళ్లలో కూడా దీవికి యూరప్ నుంచి మంచి ధరే అందింది. ఇక్కడే ఆ దేశాన్ని మెచ్చుకోవాలి. చక్కెర ఎగుమతి మీద పన్ను వేసి ఉచిత చదువుకు, వైద్యానికి ఖర్చు పెట్టింది. తోటల యజమానులు లాభాల్లో కొంత బట్టల ఫ్యాక్టరీల్లో పెట్టారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే ఇదే.

ఆ ఫ్యాక్టరీలకు దారి వేసింది 1970 నాటి ఎగుమతి మండలాల చట్టం. ఈ ఆలోచనను ముందుకు తెచ్చింది ఎడ్వార్డ్ లిమ్ ఫాట్ అనే ప్రొఫెసర్. అప్పట్లో ధనిక దేశాలు ఏ దేశం ఎంత బట్ట పంపాలో కోటాలు పెట్టేవి. హాంకాంగ్ వ్యాపారుల కోటా అయిపోతుంది, మారిషస్ నుంచి యూరప్‌కు వెళ్లే బట్టలకేమో సుంకమే లేదు. ఇది రెండో తలుపు. ఇంకేం, కుట్టు మిషన్లు ఓడలెక్కాయి. గొర్రెల మందలు లేని దీవి బయటి నుంచి ఉన్ని తెప్పించుకుని, స్వెట్టర్లు అల్లి అమ్మి పేరు తెచ్చుకుంది. ఆ మిషన్ల ముందు కూర్చున్నది ఎక్కువగా పల్లెటూరి ఆడపిల్లలు. మగవాళ్ల కన్నా తక్కువ జీతానికి పనిచేశారు. చేతికి సొంత డబ్బు రావడం మాత్రం చాలామందికి అదే మొదలు.

మూడో తలుపు మనం తెరిచిందే. 1982లో భారత్‌తో కుదిరిన పన్ను ఒప్పందం ప్రకారం మారిషస్ కంపెనీ మన దేశంలో వాటాలు అమ్మి లాభపడితే, పన్ను వేసే హక్కు అప్పట్లో మారిషస్‌దే. మారిషస్‌లోనేమో ఆ లాభం మీద పన్నే లేదు. దాంతో ఎక్కడెక్కడి పెట్టుబడులో పోర్ట్ లూయీలో ఒక కంపెనీ పెట్టుకుని మన స్టాక్ మార్కెట్లకు వచ్చాయి. ఏళ్ల తరబడి భారత్‌కు విదేశీ పెట్టుబడి పంపే దేశాల్లో ఈ దీవిదే పైచేయిగా ఉండేది. అక్కడి అకౌంటెంట్లకు, లాయర్లకు మంచి ఉద్యోగాలు వచ్చాయి. కానీ మన ఖజానాకు రావలసిన పన్ను రాలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. ఒక చిన్న దేశం బాగుపడిందన్న సంతోషంలో దాన్ని మరిచిపోకూడదు.

తెరిచినవాళ్లే తలుపులు మూశారు. 2005 మొదటి రోజుతో బట్టల కోటాలు ముగిశాయి, చైనాతో నేరుగా తలపడాల్సి వచ్చింది. 2006 నుంచి యూరప్ చక్కెర ధరను దశలవారీగా 36 శాతం కోసేసింది. 2016లో భారత్ పన్ను ఒప్పందాన్ని సవరించింది. ప్రతిసారీ దీవి కొత్త పని వెతుక్కుంది. మిల్లులు చాలావరకు మూతపడి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అవి పిప్పిని కాల్చి కరెంటు తీస్తాయి, ఖరీదైన గోధుమరంగు చక్కెర చేస్తాయి. ఎబెన్‌లో చెరకు పండిన నేల మీద సైబర్ సిటీ లేచింది.

ఈ ఎదుగుదలలో అందరికీ సమాన వాటా దక్కలేదు. ఆ రాళ్లు మొదట మోసిన బానిసల వారసులు, క్రియోల్ ప్రజలు, చాలావరకు వెనకబడే ఉన్నారు. 1999లో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయినప్పుడు దీవి భగ్గుమనడానికి ఆ బాధ కూడా ఒక కారణం.

ఇక మిగిలింది సముద్రం. కరోనాకు ముందు ఏటా వచ్చే పర్యాటకులు దీవి జనాభా కన్నా ఎక్కువ. 2020లో సరిహద్దులు మూయగానే ఆర్థిక వ్యవస్థ దాదాపు 15 శాతం కుంగింది. అదే ఏడాది జూలై 25న వకాషియో అనే సరుకుల ఓడ పగడపు దిబ్బ మీదికెక్కింది. ఆగస్టులో దాని నుంచి సుమారు వెయ్యి టన్నుల చమురు నీలి నీళ్లలోకి కారింది. జనం ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. మాహేబూర్ ఒడ్డున వేలమంది కూర్చుని బట్టతో పొడవాటి సంచులు కుట్టారు. తోటల నుంచి ఎండు చెరకు ఆకు తెచ్చి వాటిలో కూరారు. తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి, నల్లటి తెట్టుకు అడ్డంగా సముద్రంలో పరిచారు.