ఒక చక్రం గిరగిర... రెండోది కదలదు!

కరీంనగర్: నాట్ల కాలం వచ్చిందంటే కాకతీయ కాల్వ కింది జగిత్యాల, పెద్దపల్లి, కరీంనగర్ పొలాల్లో తప్పకుండా కనిపించే దృశ్యం ఒకటుంది. కరిగెట దున్నుతున్న ట్రాక్టర్ మడి మూలకు వచ్చి దిగబడుతుంది. వెనుక చక్రాల్లో ఒకటి బురద చిమ్ముతూ గిరగిర తిరుగుతుంది. రెండోది కాస్త గట్టి నేల మీదే వున్నా బొమ్మలా నిలబడిపోతుంది. డ్రైవరు ఇంకాస్త రేసు ఇస్తాడు. తిరిగే చక్రం ఇంకాస్త జోరుగా తిరిగి, ఇంకాస్త లోతుకు పోతుంది. గెట్టు మీద నిలబడ్డ నలుగురూ నాలుగు సలహాలు చెబుతారు. డీజిల్ మాత్రం కాలుతూనే వుంటుంది.

ఇంజనుకు బలం చాలక వచ్చిన తంటా కాదిది. బలం కావలసినంత వుంది. అది పనికొచ్చే చక్రానికి చేరడం లేదు. ఈ సంగతి తెలియక యాక్సిల్ విరగ్గొట్టుకున్నవారున్నారు. ట్రాక్టర్ వెనక్కి తిరగబడి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ వున్నారు.

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. బండి ఇరుసు తిరగదు. దాని రెండు కొసల మీద రెండు గీరలు దేనికది తిరుగుతాయి. లాగే పని ఎడ్లది కనుక గీరలకు ఆ బాధ్యత లేదు. ట్రాక్టర్లో లాగవలసింది చక్రాలే. పోనీ రెంటినీ ఒకే కడ్డీకి బిగించి తిప్పుదామా అంటే మలుపు దగ్గర పేచీ వస్తుంది. చక్రాల మధ్య ఎడం 4 అడుగులు అనుకుంటే, గెట్టు దగ్గర పూర్తిగా వెనుదిరిగేసరికి వెలుపలి చక్రం లోపలి చక్రం కన్నా సుమారు 12.5 అడుగులు ఎక్కువ నడవాలి. మలుపు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా ఇంతే. రెండూ ఒకే వేగంతో తిరిగితే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోవాలి, లేదా లోపల ఏదో ఒకటి విరగాలి.

ఈ పేచీని తీర్చేదే డిఫరెన్షియల్. ఫ్రాన్సు దేశస్థుడు ఒనెసిఫోర్ పెక్కర్ 1820ల చివరలో ఆవిరి బండి కోసం దీన్ని రూపొందించి పేటెంటు పొందాడు. మన మెకానిక్కులు క్రౌన్, పినియన్ అని పిలిచే పెద్ద పళ్ళచక్రాల జత మధ్యలోనే ఇది ఇమిడి వుంటుంది. లోపలి చిన్న గేర్లు రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తూ, బలాన్ని మాత్రం రెండు పక్కలకూ సమంగా పంచుతాయి.

ఆ సమానత్వమే బురదలో కొంప ముంచుతుంది. జారే చక్రం తిరగడానికి చిటికెడు బలం చాలు. అంతకు మించి అది తీసుకోలేదు. పంపకం సమానం కాబట్టి గట్టి నేల మీది చక్రానికీ ఆ చిటికెడే దక్కుతుంది. ఎంత రేసు ఇచ్చినా ఫలితం ఇంతే.

చిన్న కారులోనూ ఇదే పంచాయితీ

అసలు కారులో పదో వంతు వుండే రేడియో కార్లతో పలు దేశాల్లో పందేలు జరుగుతుంటాయి. జపాన్‌కు చెందిన తమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో తన మొదటి రేడియో కారును తెచ్చింది. వీటిలో టూరింగ్ కారు అనే తరగతిలో నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. చాలావాటిలో మోటారు బలాన్ని ముందుకూ వెనక్కూ చేర్చేవి సన్నని పళ్ళ బెల్టులే.

పందెం ముందు ఆ కార్ల యజమానులు పడే అవస్థ చూడదగ్గది. వెనుక డిఫరెన్షియల్ డబ్బీలో సిలికాన్ నూనె పోస్తారు. నూనె చిక్కనైతే రెండు చక్రాలూ కలిసికట్టుగా లాగుతాయి. పలచనైతే మలుపులో దేనికది సులువుగా తిరుగుతుంది. ముందువైపు చాలామంది డిఫరెన్షియలే తీసేసి రెండు చక్రాలనూ ఒకటిగా బిగిస్తారు. బెల్టు బిగువెక్కితే మోటారు బలం దాన్ని తిప్పడానికే ఖర్చవుతుంది. వదులైతే పళ్ళు ఎగురుతుంది. పినియన్‌కు, పెద్ద గేరుకు మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి మోటారును బిగించి, తర్వాత కాగితం లాగేస్తారు. రెంటి మధ్య మిగిలే ఆ సందే సరైన సందు. పినియన్‌కు ఒక్క పన్ను పెంచినా, తగ్గించినా పరుగు మారుతుంది. పందెం కాగానే మోటారు వేడి చూసుకుంటారు. వేడి మితిమీరితే వేసిన గేరు దానికి బరువైందన్నమాట.

బొమ్మకు ఇంత శ్రద్ధా అని నవ్వుకోవచ్చు. లక్షలు పోసి కొన్న ట్రాక్టరుకు ఇందులో సగం శ్రద్ధ చూపేవారు ఎందరున్నారో మాత్రం అడగరాదు.

తొక్కవలసింది ఎప్పుడు?

పొలంలో డ్రైవరుకు నూనె మార్చే వీలు లేదు. అందుకు బదులు డిఫరెన్షియల్ లాక్ పెడల్ వుంటుంది. దాన్ని తొక్కితే రెండు చక్రాలూ ఒకటవుతాయి, గట్టి నేల మీది చక్రం లాగుతుంది. అయితే చక్రం జోరుగా తిరుగుతుండగా తొక్కితే లోపలి పళ్ళు రాలే ప్రమాదముంది. రేసు తగ్గించి, చక్రం ఆగిన తర్వాత తొక్కి, మెల్లగా కదలాలి. నేరుగానే పోవాలి. గట్టు ఎక్కిన వెంటనే వదలాలి. లాక్ మీదనే స్టీరింగు తిప్పితే పైన చెప్పిన ఆ 12.5 అడుగుల తేడా భారమంతా యాక్సిల్ మీద పడుతుంది.

తిరిగే చక్రం వైపు బ్రేకును నెమ్మదిగా అదిమితే బలం రెండో చక్రానికి మళ్ళుతుందన్నది పాత డ్రైవర్లకు తెలిసిన కిటుకు. ట్రాక్టరుకు కుడి ఎడమలకు వేర్వేరు బ్రేకులుండటం వల్లనే ఇది సాధ్యం. కాని రోడ్డు ఎక్కగానే రెండు పెడళ్ళకూ గొళ్ళెం పెట్టాలి. ట్రాలీ నిండా పత్తి వేసుకుని నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ వంటి మలుపుల్లో దిగేటప్పుడు ఒకే పక్క బ్రేకు పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

చక్రానికి దుంగ కట్టవద్దు

దిగబడిన ట్రాక్టరును ఎక్కించడానికి చక్రాలకు అడ్డంగా దుంగ కట్టడం మన పల్లెల్లో మామూలే. దీని కన్నా ప్రమాదకరమైన పని మరొకటి లేదు. నడక వేగంతో దున్నేటప్పుడు వెనుక చక్రం నిమిషానికి 15 చుట్లు తిరిగితే, ఇంజను 1500 నుంచి 2000 చుట్లు తిరుగుతుంది. అంటే గేర్ల ద్వారా తిప్పే బలం నూరు రెట్లకు పైగా పెరిగి ఇరుసుకు చేరుతుంది. దుంగ నేలకు తన్ని చక్రం తిరగలేకపోతే ఆ బలం ఎక్కడికి పోవాలి? చక్రాన్ని తిప్పలేక ట్రాక్టరునే ఇరుసు చుట్టూ పైకి లేపుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. డ్రైవరు క్లచ్ తొక్కుదామనుకునే లోపే ఒకటి రెండు సెకన్లలో వెనక్కి పడిపోతుంది. తాడు లేదా గొలుసును ఇరుసు కన్నా ఎత్తులో కట్టి బరువు లాగినా ఇదే జరుగుతుంది. కట్టవలసింది కింది డ్రాబారుకే.

దిగబడితే ముందుకు కాక వెనక్కి తీయాలి. అంతకు ముందు చక్రాల వెనుక బురద తవ్వి తోవ చేయాలి. అప్పటికీ రాకపోతే మరో ట్రాక్టరును పిలవడమే మార్గం. గంట పోతే పోతుంది.

ఇదిలా వుండగా కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డు ఎక్కేవారి సంగతి వేరు. రోడ్డు పాడవుతున్నదని అధికారులు హెచ్చరించడం, ఎవరూ వినకపోవడం పరిపాటి అయింది. రోడ్డు సంగతి అటుంచినా, ఆ ఇనుప పట్టీలు తారుకు తగిలే ప్రతి దెబ్బా యాక్సిల్ గుండా గేర్లకు చేరుతుందని ట్రాక్టరు సొంతదారులు గుర్తించడం లేదు.

నాట్లు ముగిసిన తర్వాత వెనుక హౌసింగ్ ఆయిల్‌ను ఒకసారి తప్పక చూడాలి. రోజుల తరబడి నీళ్ళలో నానిన సీళ్ళ గుండా తేమ లోపలికి దిగుతుంది. ఆయిల్ పాలలా తెల్లబడి కనిపిస్తే నీరు కలిసినట్లే. అటువంటప్పుడు సీళ్ళు మార్పించి, కొత్త ఆయిల్ పోయించిన తర్వాతే మళ్ళీ దుక్కికి దింపాలి.