గులాబి గాథలు — ఒక గృహిణి కీర్తి

అమీరుపేటనుండి మెట్రో రైలులో ఖైరతాబాదునకు బోవు సోదరీమణులు పంజగుట్ట దాటగనే "ఎఱ్ఱమంజిల్" అను పేరు వినుచుందురు. 2018వ సంవత్సరమున దెఱవబడిన యా స్టేషనునకు, చేరువ గుట్టపై నవాబు ఫక్రుల్ ముల్కు గట్టించిన సౌధమువలన నా పేరు గలిగినది. ఇరమ్ అనగా పారసీక కవులు కీర్తించిన స్వర్గతుల్యమైన తోట. ఆ గుట్టను తెనుగువారు ఎఱ్ఱగడ్డ యని పిలుచుచుండి రనియు, నవాబు రెండు మాటలును గలిసివచ్చునట్లు తన మేడకు ఇరమ్ మంజిల్ అని పేరిడె ననియు జెప్పుదురు.

మన పెరటి గులాబి పేరును అట్లే పారసీకమునుండి వచ్చి మనదైనది. ఆ భాషలో "గుల్" అనగా పువ్వు, "ఆబ్" అనగా నీరు. కాన గులాబనగా మొదట పువ్వు గాదు, పన్నీరు! పెండ్లిండ్లలో బుడ్డితో మన మతిథులపై జల్లు నీటి పేరే పూవునకు నిలిచినది.

ఈ పూవును గూర్చిన గాథ లనేకములు. అడవిపంది వాతబడిన ప్రియుడు అడోనిసుకొఱకు ఆఫ్రొడైటీ దేవి పరుగిడుచుండ, ముల్లు గ్రుచ్చుకొని, యామె నెత్తుట దెల్లగులాబు లెఱ్ఱనైన వని గ్రీకుల కథ. తెల్లగులాబిని వలచిన బుల్‌బుల్ పిట్ట ముండ్లను లెక్కింపక కౌగిలించి తన రక్తముతో దానికి రంగు దెచ్చె నని పారసీకుల కథ. ఇంగ్లండులో తెల్లగులాబి యార్కు వంశమునకును, ఎఱ్ఱగులాబి లాంకాస్టరు వంశమునకును గుఱుతులు. 1455లో మొదలై యేండ్ల తరబడి సాగిన వారి యుద్ధముల పిదప, 1486లో ఏడవ హెన్రీ యార్కు కన్యయగు ఎలిజబెత్తును బెండ్లాడగా, రెండు పూవులును ఒకే చిహ్నమున గలిసినవి.

ఈ కథలన్నిటను నెత్తురున్నది. నెత్తురు లేని కథ యొక్కటి మన దేశమున గలదు.

గులాబి అత్తరును నూర్జహాను స్నానవాటికలో గనుగొనె నని లోకమున వాడుక. కాని జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రమున ఆ కీర్తిని నూర్జహానుకు గాక యామె తల్లికి, అస్మత్ బేగమునకు, ఇచ్చియున్నాడు. ఆమె పన్నీరు దీయించుచు, వేడినీటిని పళ్లెములలో బోసినపుడు పైని దేలు తెట్టును జూచెను. పాఱవేయక కొంచెము కొంచెముగా గూర్చెను. అదియే గులాబినూనె. నీటికంటె దేలికయగుటచే బైకి వచ్చి, చల్లాఱగా మీగడవలె బేరుకొనును. ఒక కిలో నూనెకు 3,000 కిలోలకు బైగా రేకులు వలయు నన్నచో, ఆమె యోర్పెంతటిదో యూహింపుడు!

చక్రవర్తి యామెకు ముత్యాలహార మొసగెను. అక్బరు భార్యలలో నొకరగు సలీమా సుల్తాన్ బేగము ఆ పరిమళమునకు "ఇత్ర్-ఎ-జహంగీరీ" యని పేరు పెట్టెను. శ్రమ గృహిణిది, పేరు రాజుది! కాలక్రమమున మిగిలిన కీర్తియు గూతునకు బోయినది.

మనలో నెందఱు తల్లులు కాగులోను, మూకుడులోను కనిపెట్టిన సంగతులిట్లు పేరులేక పోయినవో! సోదరీమణులారా, ఇకమీద శుభకార్యమున బన్నీరు జల్లునపుడు, ప్రక్కనున్న మీ కూతునకు అస్మత్ బేగము పేరు చెప్పుడు. అట్లే, మీ యమ్మమ్మ నేర్పిన పనిని ఆమె పేరుతోనే చెప్పుడు.