హెడ్‌ఫోన్లకు సుప్రభాత పరీక్ష

హెడ్‌ఫోన్ల నాణ్యతను పరీక్షించడమంటే, వాటిలో డ్రైవర్ అని పిలిచే భాగంలోని పలుచని పొర విద్యుత్ సంకేతాన్ని గాలి కదలికగా మార్చేటప్పుడు అసలు నాదానికి ఏమి చేర్చిందో, అందులోంచి ఏమి తీసేసిందో పట్టుకోవడం. అసలు నాదం ఎలా ఉంటుందో ముందే తెలిసినవారికి తప్ప అది పట్టుబడదు. దుకాణాల్లో సాధారణంగా వినిపించే కొత్త సినిమా పాటలోని మోత చాలావరకు స్టూడియోలో కూర్చినదే కనుక, అది ఎంత ఉంటే సరైనదో చెప్పడానికి బయట ఆధారమేదీ దొరకదు. వేకువన సుప్రభాతం, ఉత్సవాలలో సన్నాయి మేళం, గంగమ్మ జాతరలో డప్పు, అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లోత్సవంలో భజన తాళాలు వింటూ పెరిగిన తిరుపతి శ్రోతకు మాత్రం ఆ ఆధారం చెవిలోనే ఉంది.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, రాధా విశ్వనాథన్ కలిసి పాడగా 1963లో హెచ్‌ఎంవీ సంస్థ విడుదల చేసిన శ్రీ వేంకటేశ్వర సుప్రభాతంతో పరీక్ష మొదలుపెట్టడం మంచిది. రెండు గొంతులు ఒకే శ్రుతిలో, ఒకే నడకలో సాగే ఈ రికార్డులో నాసిరకం హెడ్‌ఫోన్లు ఆ రెండింటినీ కలిపి ఒకే మందపు గొంతుగా వినిపిస్తాయి. మంచివాటిలో సుబ్బులక్ష్మి గొంతు వెంట రాధ గొంతు విడిగా నడవడం తెలుస్తుంది. అంతకన్నా సూక్ష్మమైన పరీక్ష శ, ష, స అక్షరాలది. శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత హెర్ట్జ్ కాగా, స్త్రీ కంఠంలో స్వరాల మూల కంపనాలు సుమారుగా 200 నుంచి 800 హెర్ట్జ్ మధ్య తిరుగుతుంటే, ఈ ఊష్మాక్షరాల బలం మాత్రం వేల హెర్ట్జ్‌లలో, అందులోనూ ‘స’ది ‘శ’, ‘ష’ల కంటే పైన ఉంటుంది. పై స్థాయులను అతిగా పెంచిన హెడ్‌ఫోన్లలో ‘స’ పాము బుసలా చెవిని కోస్తుంది, తగ్గించినవాటిలో మూడు అక్షరాలూ ఒకేలా మొద్దుబారతాయి. అయితే ఈ స్తోత్రాన్ని ఏళ్ల తరబడి గొట్టం మైకుల్లోనే విన్నవారికి మంచి హెడ్‌ఫోన్లు మొదట చప్పగా అనిపించవచ్చు. గొట్టం మైకు కింది స్థాయులను దాదాపు వదిలేసి మధ్య స్థాయులను దూరానికి తోస్తుంది కాబట్టి, అది చెవికి పట్టిన అలవాటే తప్ప హెడ్‌ఫోన్ల లోపం కాదు.

గాత్రం తర్వాత మృదంగం. మామూలు చర్మవాద్యంలో మూలస్వరంతో పాటు పుట్టే ఉపస్వరాలు దానితో లెక్క కుదరక గందరగోళపు మోతను మిగులుస్తాయి. మృదంగం కుడి మూత మీద మెత్తిన నల్లని కరణి బరువు ఆ ఉపస్వరాలను మూలస్వరానికి రెండింతలు, మూడింతలు అనే వరుసలోకి తెస్తుందని, అందుకే ఆ వాద్యం శ్రుతిలో పలుకుతుందని, విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లో సహ పరిశోధకునితో కలిసి ‘నేచర్’ పత్రికలో వివరించాడు. కనుక కుడి మూత దెబ్బలు గాయకుని శ్రుతిలో వినిపించకుండా ఉత్త టకటకలుగా వినిపిస్తే, ఆ హెడ్‌ఫోన్లు ఉపస్వరాల పొందికను చెడగొడుతున్నట్టే. రవ్వ ముద్ద అంటించిన ఎడమ మూత మీద అరచేతి అడుగుభాగంతో నొక్కి స్వరాన్ని వంచినప్పుడు వచ్చే గుంకి కింది స్థాయులకు గట్టి పరీక్ష: ఆ వంపు చెవికి అందాలి గాని, ప్రతి దెబ్బా ఒకే ‘ధుమ్’మనే మోతగా ముగియకూడదు. అట్టపెట్టె మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు అని అచ్చువేసిన అంకెలు ఇటువంటి విషయమేదీ చెప్పవు. ఆ పరిధిలో ఏ స్థాయి ఎంత బలంగా పలుకుతుందో చెప్పని ఆ అంకెలకు విలువ తక్కువే.

మంట దగ్గర కాచి బిగించిన డప్పు మీద పుల్ల పడగానే ధ్వని ఒక్కసారిగా లేచి అంతే త్వరగా ఆగుతుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ నిశ్శబ్దం మిగలకుండా గుయ్యిమనే తోక సాగితే, డ్రైవర్ పొర సమయానికి ఆగలేకపోతున్నదని అర్థం. నాదస్వరం పరీక్షించేది మరొకటి. పెద్దవారి చెవి రంధ్రం తనంతట తానే 3,000 హెర్ట్జ్ ప్రాంతపు ధ్వనులను పెంచుతుంది. ఆరుబయట మోగడానికే పుట్టిన ఈ వాద్యపు ఉపస్వరాలు ఆ ప్రాంతంలోనూ బలంగా ఉంటాయి కనుక, అక్కడ హెడ్‌ఫోన్లు మరికాస్త జోడిస్తే ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా వాదన కూడా పది నిమిషాలలో తలనొప్పి తెప్పిస్తుంది.

సినిమా పాటలు బొత్తిగా పనికిరావని కాదు. ఘంటసాల స్వయంగా తెర మీద కనిపించి పాడిన ‘శేషశైలావాస’ 1960 నాటి మోనో రికార్డు, అంటే కుడి ఎడమలకు ఒకే ధ్వని అందే రికార్డు. అందులో గొంతు సరిగ్గా తల నడుమ నిలవకుండా ఒక పక్కకు ఒరిగితే రెండు డ్రైవర్లు సరిజోడు కావన్నమాట. ‘నాటు నాటు’ వంటి పాటను మాత్రం చివరగా, బరువైన దరువు మోగేటప్పుడు ఇద్దరు గాయకుల మాటలు ముసుగు పడకుండా తెలుస్తున్నాయో లేదో చూడటానికి వాడుకోవచ్చు.

రెండు జతలను పోల్చేటప్పుడు ధ్వని తీవ్రతను సమానం చేయడం తప్పనిసరి, ఎందుకంటే తక్కువ ధ్వనిలో చెవికి కింది స్థాయులు సరిగా ఆనవని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు కొలిచి చూపారు. కాస్త గట్టిగా మోగేదే మేలైనదిగా తోచడానికి ఒక కారణం అదే. బస్సులు, జీపుల రొదతో నిండిన అలిపిరి కూడలిలో కింది స్థాయులు ఎలాగూ మునిగిపోతాయి కనుక పరీక్షకు అది చోటు కాదు. అక్కడ ధ్వని పెంచుకుంటూ పోవడం ప్రమాదం కూడా: పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ అనేదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. చెవిలో దూర్చుకునే రకాలలో గుంకి బొత్తిగా వినిపించకపోతే, వస్తువును తిరిగి ఇచ్చేసే ముందు, పెట్టెలో అదనంగా వచ్చిన వేరే కొలత రబ్బరు బుడిపెలు తొడిగి చూడాలి. చెవికీ బుడిపెకూ నడుమ సందుంటే ముందుగా జారిపోయేది ఆ కింది స్థాయులే.